వాల్వు కట్టే పద్ధతి లేదు

మా నీళ్ల ఆఫీసులో ఇకమీదట ఎవరూ ఎవరికోసమూ ఎదురుచూడనక్కర్లేదని సోమవారం పొద్దున పెద్దసారు ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. ఎందుకని అడిగే ఆనవాయితీ మాకు లేదు.

కొత్త వెబ్‌సైటు రాసిన ఇంజినీరు గోడమీద బొమ్మ గీసి విశదపరిచాడు. ఇంతకుముందు ఒక్కో అర్జీకి ఒక్కో ప్రోగ్రాము ఉండేదట. ఇప్పుడు ఒక్కో విషయానికి ఒక్కో క్లాసు. కుళాయికొకటి, మీటరుకొకటి, లీకుకొకటి. ప్రతి క్లాసులోనూ మూడే పద్ధతులు: ఉన్నది చూపడం, కొత్తది చేర్చడం, పాతది తీసెయ్యడం. పైగా ఒక అర్జీకి జవాబు వచ్చేదాకా కంప్యూటరు గుడ్లప్పగించి కూర్చోదు. దాన్ని పక్కనపెట్టి ఇంకోటి అందుకుంటుంది. అలా ఒకేసారి పదివేల అర్జీలు పక్కనపెట్టగలదు. మా గుమాస్తాలు పాపం, నలభై పక్కనపెట్టేసరికే చతికిలపడేవారు.

నేను చదివింది మూడు క్లాసులు. కంప్యూటరులో పద్నాలుగున్నాయన్నారు. గౌరవంగా లేచి దణ్ణం పెట్టాను. నా ఉద్యోగం వాల్వులు తిప్పడం. తిప్పే ఇనుప కడ్డీ ఎప్పుడూ నా ఒళ్లోనే ఉంటుంది. కంప్యూటరు చీటీ లేకుండా వాల్వు ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని చెప్పి, ఆ రోజే నాచేత సంతకం పెట్టించుకున్నారు. పెన్షనుకు నాలుగు నెలలుంది.

మంగళవారం ఆఫీసు ఎదురింటి దర్జీ అమ్మాయి పరుగున వచ్చింది. గుమ్మం ముందు పైపు పగిలి నీళ్లు ఇంట్లోకి దూరుతున్నాయి. రేపు బడికి ఇవ్వాల్సిన అరవై జతల బట్టలు నేలమీద మూటల్లో ఉన్నాయి.

"బాబాయ్, కాస్త వాల్వు కట్టెయ్యవూ?"

"చీటీ రావాలమ్మా."

గుమాస్తా లీకు క్లాసు తెరిచాడు. చూపమంటే చూపింది: లీకు ఉన్నది. ఎంత బాగా కనిపెట్టిందోనని మెచ్చుకున్నాం. కట్టడమనే పద్ధతి మాత్రం అందులో ఎవరూ రాయలేదు. కట్టమంటే, "ఈ పద్ధతికి అనుమతి లేదు" అంది. ఉన్నవాటిలోనే ఏదో ఒకటి నొక్కాలి గనక గుమాస్తా కొత్తది చేర్చడం నొక్కాడు. దర్జీ అమ్మాయి పేర రెండో లీకు మంజూరైంది.

"ఒకదానితోనే చస్తుంటే రెండోది దేనికయ్యా?"

"రద్దు చేద్దాంలే అక్కా, కంగారుపడకు."

రద్దు నొక్కితే రెండు లీకులూ జాబితాలోంచి పోయాయి. నీళ్లు పోలేదు. జాబితాలో లేని నీళ్లకు ఆఫీసు బాధ్యత వహించదని పెద్దసారు తేల్చారు.

"మరి నా కొంపలో ఉన్నదేంటి సారూ, పన్నీరా?"

ఇంజినీరు జాలిగుండె గలవాడు. కట్టే పద్ధతి అరగంటలో రాసేశాడు. చీటీ ఇచ్చే ముందు అది నీళ్లు ఆగాయన్న కబురు కోసం చూస్తుంది. నీళ్లు ఆపడానికి నేను చీటీ కోసం చూస్తాను. ఈలోగా కంప్యూటరు ఊరకుండలేదు. మరో ఏడొందల అర్జీలు పక్కనపెట్టింది.

సాయంత్రానికి నీళ్లు వీధి దాటి మా గుమ్మమెక్కాయి. పెద్దసారు బల్లెక్కి ప్రసంగించారు: "ఒకప్పుడు ఇక్కడ జనం బారులు తీరి నిలబడేవారు. ఇవాళ ఒక్కరు నిలబడ్డారేమో చూపించండి!"

నిజమే. నిలబడడానికి నేల కనబడలేదు.

దర్జీ అమ్మాయి తడిసిన మూటను చంకనెత్తుకుని నా ముందుకొచ్చింది. ఒళ్లో కడ్డీ వైపు చూసింది.

"నాలుగు తిప్పులేగా బాబాయ్?"

"మూడున్నర," అన్నాను.

చెయ్యి చాచింది. నేను కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని, కడ్డీని ఇంకాస్త లోపలికి లాక్కున్నాను. అరవై జతలూ తడిశాయి.

ఇది చదివి మీరు నన్ను తిడుతూ ఉంటారు. తిట్టండి, న్యాయమే. తిట్టే ఊపులో మీ ఒళ్లో ఉన్న కడ్డీ జారిపోగలదు, చూసుకోండి.