ఎండొస్తే పెట్టు, మబ్బొస్తే తియ్యి

ఆ ఇంటి కోడలికి దొంగలంటే భయం లేదు, బల్లులంటే భయం లేదు, అత్తగారంటే ఉన్న భయం కూడా పెళ్ళయిన కొత్తలోనే కరిగిపోయింది. ఉన్న భయమల్లా ఒక్కటే. ఒళ్ళు కాలిపోతున్న పిల్లని కారులో వేసుకుని తను ఆస్పత్రికి బయల్దేరినట్టూ, ఆ కారు చార్జింగు అయిపోయి నడిరోడ్డు మీద ఆగిపోయినట్టూ ఆమెకు నిద్రలోనూ మెలకువలోనూ కనిపించేది. అసలు ఆమెకింకా డ్రైవింగు లైసెన్సే లేదు. నడపకముందే ఆగిపోతుందని భయపడటం ఆలు లేదు చూలు లేదు అన్నట్టుందని భర్త నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

నవ్వకపోవడానికి కారణముంది. ఒకసారి భర్త పొరుగూరు వెళ్ళినప్పుడు పిల్లకి ఉన్నట్టుండి జ్వరం ముంచుకొచ్చింది. కారు షెడ్డులోనే ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురున్నారు, స్టీరింగు పట్టుకోవడం ఒక్కరికీ రాదు. టాక్సీ వచ్చేదాకా ఆమె పిల్లని భుజాన వేసుకుని ఆ కారు పక్కనే నిలబడింది. అన్నం గిన్నె ముందు పెట్టుకుని ఆకలితో కూర్చున్నట్టయింది ఆమె పని. పిల్ల తేరుకున్న మర్నాడే వెళ్ళి డ్రైవింగు స్కూల్లో చేరింది. చదువు పదో తరగతి గుమ్మంలోనే ఆగిపోయిన మనిషి, రోడ్డు గుర్తుల పుస్తకాన్ని మాత్రం పిల్లకి పాలు పడుతూ కంఠతా పట్టేసింది.

లైసెన్సు పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పిపోయింది. ఒకసారి పిల్లకి బాగాలేక, ఇంకోసారి పరీక్ష పెట్టే సారుకి బాగాలేక. ఈసారి కూడా తప్పితే నేర్చుకునేవాళ్ళకిచ్చే కాగితం గడువు తీరిపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. అందుకని భర్త ఆ ఉదయం కారు ఇంట్లోనే వదిలి బస్సులో ఆఫీసుకి బయల్దేరుతూ, మధ్యాహ్నం సెలవు పెట్టి వస్తానని, తనే పక్కన కూర్చుని తీసుకెళ్తానని చెప్పాడు. ఈలోపు కారు చార్జింగుకి పెట్టి ఉంచితే చాలన్నాడు. ప్లాను అంతే. చిన్నపిల్లలకి అప్పజెప్పినా జరిగిపోయే పని. అప్పజెప్పింది మామగారికి.

మామగారు ఉద్యోగమంతా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకున్న మనిషి. వీధిలో అందరూ ఆయన్ని మీటరుగారు అనే పిలుస్తారు. ఊరందరి మీటర్లూ ముందుకే పరిగెత్తడం జీవితమంతా చూసినవాడికి, సొంత మీటరు ఒక్కరోజైనా వెనక్కి నడిస్తే చూడాలని కోరిక. రిటైరయ్యాక మేడ మీద సోలారు పలకలు పెట్టించింది అందుకే. కొత్త మీటర్లో తిరిగే చక్రం ఉండదు. చిన్న బాణం గుర్తు ఉంటుంది. పలకల కరెంటు మిగిలి బయటికి పోతుంటే బాణం అటు చూపిస్తుంది, చాలక బయటి కరెంటు ఇంట్లోకి వస్తుంటే ఇటు చూపిస్తుంది. అటు చూపించినంతసేపూ మీటరుగారి ముఖం వెలిగేది. ఇటు తిరిగిందా, ఎవరు ఏ స్విచ్చు వేశారో తెలుసుకునేదాకా ఇల్లంతా తిరిగేవారు.

ఇంటి కారు బయటి కరెంటు తాగడం ఆయనకి ససేమిరా ఇష్టం లేదు. రాత్రి కోడలు చార్జింగుకి పెట్టబోతే, రాత్రి కరెంటు కొన్న కరెంటని ఆయనే ఆపించారు. బజారులో చార్జింగు పెట్టించుకోవడమంటే ఇంట్లో వంట చేసుకుని హోటల్లో తినడమన్నారు. తెల్లారాక సూర్యుడున్నాడు, తనున్నాడు, మధ్యాహ్నానికి కారు కడుపు నిండకపోతే అడగమని హామీ ఇచ్చారు.

సూర్యుడు వచ్చాడు గానీ ఒంటరిగా రాలేదు. పత్తి మూటల్లాంటి మబ్బుల్ని వెంటేసుకుని వచ్చాడు. కోడలు ప్లగ్గు పెట్టగానే బాణం అటు కాస్త ఊగి, మబ్బు అడ్డం రాగానే ఇటు తిరిగింది. మీటరుగారు ఒక నిమిషం చూశారు, రెండో నిమిషం ఆగలేకపోయారు. మేడ ఎక్కి, పలకల పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు.

"అమ్మాయ్, మబ్బొస్తోంది. తియ్యి."

కోడలు పిల్లని చంకనేసుకుని షెడ్డులోకి పరిగెత్తి ప్లగ్గు తీసింది.

"ఎండొచ్చింది. పెట్టు."

పెట్టింది. వంటింట్లోకి వచ్చి గిన్నె స్టవ్వు మీద పెట్టిందో లేదో మళ్ళీ తియ్యమన్నారు. తీసి వచ్చేసరికి పాలు పొంగి స్టవ్వంతా పారాయి. అవి తుడవబోతుంటే పెట్టమన్నారు. ఇలా ఆ ఉదయమంతా ఆ ఇంట్లో పైనుంచి కేకలు, కింద పరుగులు తప్ప ఇంకో పని జరగలేదు. మధ్యలో ఆమె ఒకసారి, కాసేపు అలా వదిలేద్దాం మామయ్యగారూ, నాకు పరీక్ష కదా అని అడిగి చూసింది. నీ పరీక్ష కోసమే కదమ్మా నేను ఎండలో మాడుతున్నాను అన్నారాయన. ఆ మాట నిజమే కాబట్టి ఆమె మళ్ళీ షెడ్డులోకి నడిచింది.

అత్తగారు మాత్రం కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, "ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడే నయం. నన్ను వదిలి ఊరిమీద పడేవారు" అంది.

చంకలో గెంతీ గెంతీ పిల్లకి చిరాకెత్తి రాగం తీసింది. దాని నోరు ఊరుకోవాలని కోడలు చేతిలో ఉన్న కారు తాళాన్ని దానికిచ్చింది. పిల్ల వెంటనే దాన్ని నోట్లో పెట్టుకుని మాట వినే పిల్లలా ఊరుకుంది. ఆ తరవాత వచ్చిన మొదటి మబ్బుకే ప్లగ్గు రానంది.

కోడలు ఒక చేత్తో లాగింది, రాలేదు. పిల్లని ఇంకో చంకకి మార్చి లాగింది, రాలేదు. కారు మాత్రం కీచుమని ఓసారి కూసి, దీపాలు ఆర్పి వెలిగించింది. మామగారు మేడ దిగి వచ్చి లాగారు. కారు మళ్ళీ కూసింది. మూడోసారి కూసేసరికి దానికేదో జబ్బు చేసిందని ముగ్గురూ తేల్చుకున్నారు. పెట్టి తీసి, పెట్టి తీసి దానికి విసుగెత్తించారు, ఇప్పుడది మొండికేసింది అని అత్తగారి తీర్పు.

కోడలు వైరు వెంట చూసింది. ప్లగ్గు వైరు రెండో కొస గోడలో ఉంది. గోడ వెంట రాకుండా కారు బయల్దేరదు. కారు బయల్దేరకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే, పిల్లకి ఈసారి జ్వరం వచ్చినా మళ్ళీ ఆ షెడ్డులో ఆ కారు పక్కనే నిలబడాలి.

మీటరుగారు గబగబా వెళ్ళి పక్కింటి పళ్ళ డాక్టర్ని పిలుచుకొచ్చారు. గట్టిగా పాతుకున్నవాటిని పీకడం ఆయన వృత్తి కదా అన్నది మామగారి లెక్క. పాపం ఆ డాక్టరు మొహమాటస్థుడు, కాదనలేక వచ్చాడు. ప్లగ్గుని నలువైపులా చూసి, ఒక కాలు బంపరుకి తన్నిపెట్టి లాగాడు. ఆయన నడుం పట్టుకుని మామగారు లాగారు. కారు కూసింది. మామగారు చెయ్యి వదిలి, ఉదయమంతా తాగిన ఎండ ఒక్కసారి నెత్తికెక్కినట్టయి, నెమ్మదిగా నేల మీద చతికిలబడ్డారు.

ఇక ఇది ఈ ఇద్దరి వల్ల అయ్యే పని కాదని అత్తగారు కొడుక్కి ఫోను చేసింది. ఆవిడకి ఫోనులో పొడిపొడిగా మాట్లాడటం అలవాటు. ఎక్కువ మాట్లాడితే అవతలివాళ్ళకి ఖర్చని ఇప్పటికీ నమ్మకం.

"కారు దగ్గర పెద్ద గొడవైంది. మీ నాన్న కింద కూలబడ్డారు. పళ్ళ డాక్టరు కూడా వచ్చి చూశారు, ఆయన వల్ల కాలేదు. నువ్వు రా."

అని పెట్టేసింది. కొడుకు అర్థం చేసుకోవలసింది అర్థం చేసుకున్నాడు. తన భార్య పరీక్షకి ముందు కాస్త చెయ్యి అలవాటు చేసుకుందామని కారు బయటికి తీసింది. నాన్నని గుద్దింది. పళ్ళన్నీ రాలాయి. అతను అదే మాట తన పై ఆఫీసరుతో చెప్పి టాక్సీ కోసం పరిగెత్తాడు. ఆఫీసరు దయగలవాడు. వెంటనే ఆ ఇంటికి అంబులెన్సు పంపించాడు.

ఇక్కడ షెడ్డులో డాక్టరు చెమట తుడుచుకుంటూ అలవాటు కొద్దీ పిల్ల నోట్లోకి తొంగి చూశాడు. ఆయనకి ఎక్కడైనా తెరిచిన నోరు కనిపిస్తే చూడకుండా ఉండలేడు.

"కింద పన్ను వస్తోందమ్మా. చిగురు దురదకి కొరుకుతోంది. ఆ కొరికేదేమిటి?"

కోడలు పిల్ల నోట్లోంచి తాళం లాగింది. పిల్ల ఒకే బొత్తాన్ని, తాళం వేసే బొత్తాన్ని, వచ్చీరాని పంటితో శ్రద్ధగా నములుతోంది. కారుకి తాళం పడితే ప్లగ్గుకీ పడుతుందని డ్రైవింగు స్కూల్లో చెప్పిన సంగతి అప్పుడు కోడలి బుర్రలో వెలిగింది. పక్క బొత్తాం నొక్కింది. డాక్టరు రెండు వేళ్ళతో పట్టుకుంటే ప్లగ్గు పాలపన్నులా ఊడి వచ్చింది. ఆయన అంత తృప్తిగా దేన్నీ పీకి ఉండడు.

అందరూ ఊపిరి పీల్చుకునేలోపు అంబులెన్సు వచ్చి గేటుకి అడ్డంగా ఆగింది. ఇద్దరు మనుషులు స్ట్రెచరుతో దిగి పేషెంటు ఎవరని అడిగారు. అత్తగారు కారు వైపు చూపించింది.

వాళ్ళు కారుని చూశారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఇంతదూరం వచ్చి ఎవర్నో ఒకర్ని చూడకుండా పోతే తమకి మాటొస్తుందన్నారు. చూడగా చూడగా నేల మీద, గోడకి ఆనుకుని, నిప్పులో కాల్చినట్టు ఎర్రగా ఉన్న మీటరుగారు కనిపించారు. నాడి పట్టుకుని, ఎంతసేపట్నుంచి ఎండలో ఉన్నారు, నీళ్ళు తాగారా అని అడిగారు. నీళ్ళ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆయన్ని ఎత్తి అంబులెన్సులో పడుకోబెట్టి సెలైను ఎక్కించారు. ఇంకాసేపు అలాగే ఉంటే నిజంగానే స్పృహ తప్పేదన్నారు. కోడలికి అప్పుడు అర్థమైంది. తన కోసం ఆయన ఎండలో నిలబడ్డారు. తను ప్లగ్గు మోసిందే గానీ ఒక్క గ్లాసు నీళ్ళు మోయలేదు.

అంతలో భర్త టాక్సీ దిగి అంబులెన్సులోకి దూకి, ముందుగా తండ్రి నోరు తెరిపించి చూశాడు. ఉండాల్సిన పళ్ళన్నీ ఉన్నాయి. జరిగింది విని తల పట్టుకున్నాడు.

"ఎండలో మనం పంపింది, మబ్బులో మనం తీసుకుంది నెలాఖరుకి చెల్లుకు చెల్లే కదా నాన్నా. అది నీకు తెలీదా?"

"నాకు తెలీకపోవడమేమిట్రా. నీకు చెప్పిందే నేను."

"మరెందుకిదంతా?"

మీటరుగారు సెలైను లేని చెయ్యి ఎత్తి ఇంటివైపు చూపించారు. "బాణం ఇటు తిరిగితే చూడలేనురా" అన్నారు.

కోడలు తను పరీక్షకి వెళ్ళనని, ఆయన దగ్గరే ఉంటానని అంది. మీటరుగారు ఒప్పుకోలేదు. నువ్వు వెళ్ళకపోతే నేను పడ్డ ఎండంతా వృథా అన్నారు. డాక్టరు తను చూసుకుంటానన్నాడు. అత్తగారు పిల్లని అందుకుని, పో పొమ్మంది. అంబులెన్సు మీటరుగారితో సహా పక్కింటి గేటుకి జరిగి దారిచ్చింది.

ఉదయమంతా పెట్టి తీసినందుకు కారులో పెరిగిన చార్జింగు పిల్లి నాకిన పాలంత. తెర మీద ఎర్ర గుర్తు వెలుగుతూనే ఉంది. దారిలో చార్జింగు పెట్టించే టైము లేదు. పరీక్ష మైదానంలో కోడలు గీతల మధ్య మెలికలు తిరిగింది, వెనక్కి తీసింది, గుర్తులన్నిటికీ పేర్లు చెప్పింది. చివరిది ఎత్తు. మట్టిదిబ్బలా కట్టిన వాలు మీదికి ఎక్కి, గీత దగ్గర ఆపి, వెనక్కి జారకుండా నిలపాలి. ఆమె ముందువాళ్ళందరూ అక్కడే జారారు. ఆమె ఎక్కింది, గీత దగ్గర ఆపింది, అప్పుడే తెర మొత్తం నల్లబడింది. ఎన్నాళ్ళ భయమో కళ్ళముందు నిలబడింది. రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి, దవడలు బిగించి కూర్చుంది.

పరీక్ష సారు ఈల ఊదడానికి కూడా మర్చిపోయి, వంగి చక్రాల వైపు చూశాడు. చుట్టూ తిరిగి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"వెంట్రుకవాసి జారలేదు. ఇదిగో, ఇలా ఆపాలి. పాసయ్యావమ్మా, ఇక దించు."

కారు కదల్లేదు.

"పాసయ్యావన్నాను కదా. ఇంకా భయమెందుకు?"

"భయం కాదు సార్," అంది కోడలు. "చార్జింగు లేదు."

సారు, భర్త, ఫెయిలైనవాళ్ళు నలుగురు కలిసి కారుని తోసి దిబ్బ దింపారు. ఆగిపోతే ఏమవుతుందా అని ఇన్నాళ్ళూ హడలిపోయింది. ఏమవుతుంది, నలుగురు వచ్చి తోస్తారు. మైదానం ఎదురుగానే ఉన్న బజారు చార్జింగులో, అంటే మామగారి లెక్కలో హోటల్లో, కారుకి కడుపునిండా పెట్టించి ఇల్లు చేరారు. మంచం మీద పడుకున్న మీటరుగారు ముందు పాసయిందా అని అడిగారు. తరవాత, చార్జింగు ఎలా సరిపోయిందని అడిగారు. భర్త నేల చూపులు చూశాడు. కోడలు ఆయనకి మజ్జిగ గ్లాసు అందిస్తూ, దారంతా మంచి ఎండ మామయ్యగారూ అంది.

ఆయన ఇప్పుడు కులాసాగానే ఉన్నారు, మేడ ఎక్కడం మాత్రం మానలేదు. మీ వీధిలో కూడా పలకల పక్కన తలెత్తి నిలబడ్డ పెద్దాయన ఎవరైనా ఉంటే, ఎండ ముదిరే వేళకి ఒక్కసారి వెళ్ళి, నీళ్ళు తాగారా అని కనుక్కోండి. బాణం ఎటు ఉందని మాత్రం అడక్కండి.