పసుపు టార్చి నెగ్గిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే బట్టలు ఉతికేసి, తలస్నానం చేసి, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాలని ఇల్లాలి ఆలోచన. బకెట్టు పట్టుకుని స్నానాల గది దగ్గరికి వెళ్లేసరికి లోపల గడియ పెట్టి ఉంది. తలుపు సందులోంచి తెల్లటి వెలుగు వస్తోంది, పోతోంది.

"ఏమండీ, లోపల ఏం చేస్తున్నారు?"

"ఆఫీసు పని," అన్నాడు భర్త.

ఆయన అట్టపెట్టెల గోదాములో స్టోర్‌కీపరు. గోదాములో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి కాపలావాళ్లకు చవక రకం ఎల్‌ఈడీ టార్చిలైట్లు కొనాలని యజమాని ఉత్తర్వు. నాలుగు రకాలు తెప్పించి, వెలుగు ఎలా పడుతుందో, సెల్స్ ఎంతసేపు వస్తాయో తేల్చే పని మేనేజరు ఈయనకు అప్పగించాడు. "ఇది సరిగ్గా చెయ్యి, అసిస్టెంటు ఆఫీసరు ఖాళీకి నీ పేరే రాస్తాను," అన్నాడట.

ఆ "అట" మీదే ఇల్లాలు కొన్నాళ్లుగా బతుకుతోంది. అసిస్టెంటు ఆఫీసరుకు కంపెనీ క్వార్టరు ఇస్తారు. క్వార్టరు వంటింటికి కిటికీ ఉంది. ఇప్పుడున్న ఇంట్లో వంటిల్లంటే రెండు గోడల మధ్య మిగిలిపోయిన జాగా. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆమె పట్టపగలు బల్బు వేసుకుని వండుతోంది. బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో ముందుగదిలోంచి అత్తగారు చెబితే తెలియాలి. ఆమె నగలడగలేదు, ఊళ్లు తిప్పమనలేదు. పొయ్యి పక్కన ఒక కిటికీ, అంతే.

ఇంట్లో చీకటి గదులు రెండు. వంటింట్లో ఆమె ఉంటుంది కాబట్టి టార్చిల పరీక్ష స్నానాల గదిలో పెట్టాల్సి వచ్చింది.

"నాన్నా, నేను బయటికెళ్లాలి. స్నానం చెయ్యాలి," అంది కూతురు తలుపు తడుతూ.

"ఈ ఇంట్లో మనిషి ఒక్క పని చేసుకుంటానంటే ఓర్వలేరా?"

గొంతు ఇంటి పైకప్పుకి తగిలి కిందికొచ్చింది. కూతురు తువ్వాలు భుజాన వేసుకుని కుర్చీలో కూర్చుంది.

ఆయన బయటికొచ్చేసరికి నీళ్లు రావడం ఆగిపోయింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. నల్ల టార్చి వెలుగు గోడ మీద నాణెమంత గుండ్రంగా, పదునుగా పడుతోందట. వెండి రంగుది పళ్లెమంత. ఎర్రది ఫరవాలేదు. పసుపుదానికి నడిమధ్య నల్లమచ్చ, చుట్టూ పాలిపోయిన వెలుగు. "ఇది టార్చిలా లేదు, కంటిజబ్బులా ఉంది," అన్నాడు.

తర్వాత నాలుగింటిలోనూ కొత్త సెల్స్ వేసి, వెలిగించి, ముందుగదిలో తల్లి మంచం పక్కనున్న అలమరలో వరసగా నిలబెట్టాడు.

"ఇవి ఆరిపోయేదాకా వెలగాలి. ఎవరూ ముట్టుకోకూడదు. ఏది ఏ టైముకి ఆరిందో నాకు చెప్పాలి. ముట్టుకున్నారో..."

ఆ వాక్యాన్ని ఆయన ఏనాడూ పూర్తి చెయ్యలేదు. అవసరం పడలేదు.

మేనేజరు ఇంట్లో బీరువా జరపాలని ఫోనొస్తే, సెలవురోజు కదా అని కూడా అనకుండా, "వస్తున్నా సార్, వచ్చేశా సార్," అంటూ స్కూటరు తీశాడు. ఆ గొంతు వేరు. అది ఇంట్లో వాడే గొంతు కాదు.

మంచం మీదున్న అత్తగారికి ఆ దీపాల వరస మింగుడుపడలేదు. పట్టపగలు, గదినిండా ఎండ, ఎవరికి చూపించడానికీ వెలుగు? దండగ. పైగా చివరనున్న పసుపుది గోడకి తగిలి తిరిగి ఆమె కళ్లలోనే కొడుతోంది. చెయ్యి చాపి ఆర్పేసింది. మిగతావి అందలేదు. కాసేపటికి స్కూటరు చప్పుడు వినిపించగానే కొడుకు అరుస్తాడని గుర్తొచ్చి మళ్లీ వెలిగించింది. ఆయన వచ్చి, భోంచేసి, సోఫా కూడా జరపాలట అని మళ్లీ వెళ్లాడు. ఆమె మళ్లీ ఆర్పేసింది. స్కూటరుతోపాటు వెలుగుతూ, స్కూటరుతోపాటు ఆరుతూ పసుపు టార్చి ఆ రోజంతా హాయిగా గడిపింది.

అత్తగారు కునుకు తీస్తుండగా ఇల్లాలు అలమర దుమ్ము దులుపుతుంటే చీర కొంగు తగిలి వెండి రంగు టార్చి నేల మీద పడింది. ఆరిపోయింది. తట్టింది, ఊదింది, బతిమాలింది. వెలగలేదు. దాన్ని యథాస్థానంలో నిలబెట్టి, "పాపం, సెల్స్ అయిపోయినట్టున్నాయి," అన్న మాటని రెండుసార్లు మనసులో అనుకుని చూసుకుంది.

ఆమె వంటింట్లోకి వెళ్లాక గోడగడియారం ఆగిపోయింది. కూతురి గుండె కూడా కాస్త ఆగింది. టైము చూసి చెప్పమన్న మనిషి వస్తే ఏం చెప్పాలి? ఇంట్లో వేరే సెల్ లేదు. నల్ల టార్చిలోంచి ఒకటి తీసి గడియారంలో వేసి, గడియారంలోని చచ్చిన సెల్‌ని టార్చిలో పెట్టింది. నల్ల టార్చి నీరసంగా, జ్వరం పడ్డ మనిషిలా చూడసాగింది.

ఎవరూ ముట్టుకోనిది ఎర్రదొక్కటే. అది తన సత్తా కొద్దీ నిజాయితీగా వెలిగి సాయంత్రానికి ఆరిపోయింది. ఆయన అనుమానించింది దాన్నొక్కదాన్నే.

"దీన్నెవరన్నా కదిపారా?"

"లేదు," అన్నారు ముగ్గురూ. అది నిజం కూడా.

"పసుపుది చూడండి, పొద్దున పెట్టినట్టే ఉంది. రూపం చూసి దేన్నీ తీసెయ్యకూడదు. తెలిసిందా?"

ముగ్గురూ తలూపారు. ఎవరికి వారే ఇంట్లో తప్పు చేసింది తానొక్కతేనని అనుకున్నారు.

మేనేజరు "నా సమక్షంలో పరీక్షించడమైనది" అని రాసి సంతకం పెట్టాడు. గోదామంతా పసుపు టార్చిలు దిగాయి. ఇల్లాలు కిటికీ పక్కన ఏ డబ్బాలు పెట్టాలో ఆలోచించుకుంది.

ఒక సాయంత్రం యజమాని గోదాము చూడటానికొచ్చాడు. ఆయన లోపలి వరసల్లో ఉండగా కరెంటు పోయింది. కాపలావాళ్లు చుట్టూ చేరి గర్వంగా పసుపు టార్చిలు వెలిగించారు. అవతలి తలుపు చేరకముందే ఒకటొకటిగా కొండెక్కాయి. యజమాని చీకట్లో అడుగు వేశాడు. అది లేబుళ్లు అంటించే జిగురు తొట్టి. కాలు వచ్చింది గానీ బూటు రాలేదు.

ఆ వార్త మోసుకుని స్టోర్‌కీపరు ఇంటికొచ్చాడు.

"ఆ రోజు టార్చిలు ఎవరు ముట్టుకున్నారు?"

మొదట తల్లి అంది: "నేనేరా. కళ్లల్లో కొడుతుంటే ఆర్పాను. నువ్వొచ్చినప్పుడల్లా వెలిగించానుగా."

"నేను నల్లదాంట్లో సెల్ మార్చాను నాన్నా."

"నా చేతిలోంచి ఒకటి పడింది," అంది ఇల్లాలు.

ఆయన మంచం పట్టె మీద కూలబడ్డాడు. "ఒక్కళ్లు, ఒక్కళ్లన్నా నాకు చెప్పాలని అనిపించలేదా?"

"చెబితే అరుస్తావు కదరా."

"నేనెప్పుడు అరిచాను?" అని ఆయన అరిచిన అరుపుకి పక్కింట్లో రేడియో కట్టేశారు.

ఇల్లాలికి కిటికీ పోయిందని అర్థమైంది. ఏడుపు రాలేదు. పోయేది పోయింది కదా అనే తెగింపొచ్చింది. "మీరు కూడా మాలాగే దాచకండి. పొద్దున్నే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి," అంది. ఆమె గొంతు అంత నెమ్మదిగా ఉండటం చూసి ఆయన సరేనన్నాడు.

మర్నాడు మేనేజరు ముందు నిలబడ్డాడు.

"సార్, మా అమ్మ..."

"ఏమైందయ్యా మీ అమ్మకి?"

"టార్చి ఆర్పేసింది సార్. ఆ రోజంతా. సార్, అది పరీక్షే కాదు."

మేనేజరు అరవడానికి నోరు తెరిచి, తన సంతకం గుర్తొచ్చి మూసేశాడు. "ఈ సంగతి ఇంకెవరికన్నా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. మీ అమ్మగారిని పోయేదాకా ఆరోగ్యంగా, మౌనంగా ఉండమను."

ఆ మధ్యాహ్నమే మేనేజరు యజమానికి విన్నవించాడు. టార్చిలు మేలైనవే సార్, పరీక్ష చేసి మరీ కొన్నాం, కాపలావాళ్లు అవసరం ఉన్నా లేకున్నా వెలిగించి తగలేస్తున్నారు, పైన చూసే ఆఫీసరు లేడు. వారం తిరక్కుండా స్టోర్‌కీపరు అసిస్టెంటు ఆఫీసరయ్యాడు. క్వార్టరు తాళంచెవి ఇంటికొచ్చింది.

ఇల్లాలు ఆ తాళంచెవిని గుప్పిట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నిజం చెబితే పోతుందనుకున్నది నిజం చెప్పినందుకే వచ్చింది. అందులో ఎక్కడో తిరకాసు ఉందనిపించింది గానీ, సామాను సర్దే తొందరలో దాన్ని వెతకలేదు.

క్వార్టరు వంటింట్లో కిటికీ నిజంగానే ఉంది, ఆమె అనుకున్నదానికన్నా పెద్దది. పొయ్యి పక్కనే ఉంది. పడుకునే గదికీ వంటింటికీ మధ్య తలుపు లేదు.

కొత్త ఉద్యోగం రాత్రి డ్యూటీ. శాశ్వతంగా. ఆయన తెల్లారాక వచ్చి పడుకుంటాడు, పొద్దు వాలాక లేస్తాడు. మొదటి రోజే కిటికీలోంచి ఎండ సూటిగా ఆయన మొహం మీద పడింది. ఆ గొంతు కొత్త ఇంటి పైకప్పుకి కూడా అందింది. ఆమె బయటికైనా చూడకుండా పరుగున దుప్పటి అడ్డం కట్టింది. మర్నాడు గోదాము నుంచి మందపాటి అట్ట తెచ్చి, కొలిచి కోసి, కిటికీకి నాలుగు మూలలా మేకులు కొట్టాడు. ఆఫీసరు కదా, పని శుభ్రంగా చేశాడు.

వెనక వరస క్వార్టరావిడ పలకరించడానికొచ్చింది. "మీ వరసంతా అదృష్టవంతులండీ. మా కిటికీలోంచి చూస్తే గోడే. మీకేం కనబడుతుంది?"

"చెట్టేదో ఉందన్నారండీ," అంది ఇల్లాలు.