గుండీలు, తత్సమాన గుండ్రటి వస్తువులు

ఆ బుధవారం ఉదయం జాబితా మేడమ్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పదకొండు లోపు జాబితా పూర్తిచేసి డైరెక్టరుగారి చేత సంతకం పెట్టించాలి. ఆ తర్వాత సగం రోజు సెలవు పెట్టి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మూడు రోజులుగా కుడి దవడ పన్ను ఆమెను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

ఆమె వాణిజ్య శాఖ ఎగుమతుల విభాగంలో సూపరింటెండెంటు. ఏ దేశానికి ఏ సరుకు పంపకూడదో రాసేది ఆమే కాబట్టి, ఇరవై రెండేళ్ళుగా ఆ ఆఫీసులో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ఆ వారం జాబితా మాత్రం మామూలుది కాదు. ఒక పెద్ద దేశం పక్కనున్న చిన్న దేశం మీదికి ట్యాంకులు తోలింది. టీవీలో కూలిన బడి గోడలు చూసి ఆమె రెండు పూటలు కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ పెద్ద దేశానికి పద్నాలుగు రకాల సరుకులు పంపకూడదని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, తొమ్మిదో అంశంగా బేరింగులు ఉండాలని పట్టుబట్టింది ఆమే. బేరింగులు లేకపోతే ట్యాంకు చక్రం తిరగదని ఎక్కడో చదివింది.

జాబితాలో సరుకుల పేర్లు ఉండవు, కోడు నంబర్లే ఉంటాయి. బేరింగుల నంబరు చివర నలభై ఎనిమిది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి పన్ను జివ్వుమంది. ఆమె వేళ్ళు ఎనభై నాలుగు కొట్టాయి. ఎనభై నాలుగంటే గుండీలు. చొక్కా గుండీలు.

డైరెక్టరుగారు చదవకుండానే సంతకం పెట్టారు. అది ఆయనకు నిర్లక్ష్యం కాదు, పద్ధతి.

"నేను చదివితే మీ మీద నాకు నమ్మకం లేనట్టు అవుతుంది కదా మేడమ్" అన్నారు.

మర్నాడు పొద్దున ఆమె పన్ను తీయించుకున్న చోట దూది పెట్టుకుని ఇంట్లో కూర్చుని ఉండగా ఫోను మోగింది. ఊరి చివర గుండీల ఫ్యాక్టరీ నడుపుతున్న ఆమె అన్నయ్య.

"చెల్లీ, ఇదేం అన్యాయమే! రేవులో నా సరుకు ఆపేశారు!"

"ఏ ఫరుకు అన్నయ్యా?"

"నా దగ్గర ఇంకేం సరుకుంటుంది, గుండీలు! యుద్ధం చేసే దేశానికి పంపకూడదట. నేనేమైనా తుపాకులు చేస్తున్నానా? చంటిపిల్లల చొక్కాల గుండీలే! ఒక్కోదాని మీద కుందేలు బొమ్మ కూడా ఉంది!"

ఆమె నోట్లోంచి దూది తీసేసింది. ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ఆఫీసుకు పరుగెత్తింది.

డైరెక్టరుగారు విషయమంతా ఓపిగ్గా విన్నారు.

"అయితే తప్పు జరిగిందంటారు. ఎవరు చేశారు?"

"నేనే సార్."

"సంతకం ఎవరిది?"

"మీది సార్."

"మరి తప్పెలా జరుగుతుంది?"

ఆమె జాబితా ప్రతి తీసి చూపించబోతుండగానే గోడ మీది టీవీలో మంత్రిగారు కనిపించారు. విలేకరుల సమావేశం జరుగుతోంది. ఒక విలేకరి లేచి, "పద్నాలుగు సరుకుల్లో గుండీలు కూడా ఉన్నాయి. ఎందుకో చెబుతారా?" అని అడిగాడు. మంత్రిగారు పక్కకు చూశారు. పక్కనున్న కార్యదర్శి నేలకేసి చూశాడు. మంత్రిగారు గొంతు సవరించుకున్నారు.

"సైనికుడికి యూనిఫాం ఉంటుంది. యూనిఫాంకి గుండీలుంటాయి. ఇంతకన్నా విడమరచి చెప్పడం దేశ భద్రతకు మంచిది కాదు."

హాలంతా చప్పట్లు. డైరెక్టరుగారు టీవీ కట్టేసి, "చూశారుగా, ఇప్పుడది విధానం" అన్నారు.

విధానం అయ్యాక దానికి కాళ్ళొచ్చాయి. వారం తిరక్కుండా ఒక మిత్రదేశం జిప్పులు ఆపేసింది. మరోటి హుక్కులు, ఇంకోటి ఎలాస్టిక్కు. శత్రు సైనికుడి ప్యాంటు నడుము మీద నిలిచే మార్గాలన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయని ఒక పత్రిక సంపాదకీయం రాసింది. బేరింగులు మాత్రం ఓడ తర్వాత ఓడెక్కి హాయిగా వెళుతున్నాయి. రేవు నుంచి వచ్చిన పట్టికల్లో ఆ అంకె వారం వారం పెరగడం జాబితా మేడమ్ చూస్తూనే ఉంది. టీవీలో ట్యాంకులు కూడా ముందుకే కదులుతున్నాయి.

ఇంట్లో భర్త హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతారు. ప్రశ్న దొరికితే వదలని మనిషి.

"అసలు ఆంక్షలు పనిచేస్తాయా అనేదే పెద్ద చర్చ" అన్నారాయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ. "కొన్నిసార్లు చేస్తాయి, కొన్నిసార్లు చేయవు. చేసినప్పుడు కూడా వాటివల్లే అయిందని గట్టిగా చెప్పలేం."

"నావి ఎందుకు పనిచేయడం లేదో నేను గట్టిగానే చెప్పగలనండీ" అంది ఆమె.

ఈలోగా అన్నయ్య ఫ్యాక్టరీ పది రోజులు మూతపడి, పదకొండో రోజున తెరుచుకుంది. ఎవరూ ఎప్పుడూ పెద్దగా పట్టించుకోని ఒక బుల్లి ద్వీప దేశం నుంచి అతనికి కనీవినీ ఎరగని ఆర్డరు వచ్చింది. అన్నయ్య పళ్ళ బుట్ట పట్టుకుని చెల్లెలింటికి వచ్చాడు.

"మూడు షిఫ్టులు నడుపుతున్నానే! నువ్వు ఆపించడమే మంచిదైంది!"

జాబితా మేడమ్ కాగితం తీసుకుని ద్వీపం జనాభాతో గుండీలను భాగించింది. చంటిపిల్లలతో సహా మనిషికి రోజుకు రెండు డజన్లు వచ్చాయి.

"అన్నయ్యా, ఇన్ని గుండీలు వాళ్ళేం చేసుకుంటారు?"

"అక్కడ గాలి ఎక్కువట. చొక్కాలు ఎగిరిపోకుండా దగ్గర దగ్గరగా కుట్టుకుంటారట."

"అన్నీ ఖాకీ రంగువే ఎందుకు అడిగారు?"

"దుమ్ము కూడా ఎక్కువేనట."

"ఆ ద్వీపం నుంచి అవి ఎక్కడికి పోతున్నాయో నీకు నిజంగా తెలియదా?"

అన్నయ్య బత్తాయి తొక్క తీయడంలో మునిగిపోయాడు. కాసేపటికి, "పెట్టెల మీద 'సైనికుల వాడకానికి కాదు' అని పెద్దక్షరాలతో ముద్ర వేయిస్తున్నానమ్మా" అన్నాడు. "నా మనస్సాక్షి నాకుంది."

మర్నాడు ఆమె ద్వీపం లెక్క మొత్తం అన్నయ్య పేరుతో సహా ఫైల్లో పెట్టింది. దానితోపాటు తన తప్పును పూర్తిగా ఒప్పుకుంటూ రెండు పేజీల ఉత్తరం కూడా రాసి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టింది. ఉద్యోగం పోయినా ఫరవాలేదనుకుంది. సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. ద్వీపం లెక్క మీద "మిత్రదేశం, కదపరాదు" అని ఉంది. ఉత్తరం మీద "చూసితిని. తప్పు కనబడలేదు" అని ఉంది.

ఆమె లోపలికి వెళ్ళింది.

"సార్, పోనీ బేరింగులను పదిహేనో అంశంగా చేర్చండి."

"ఇన్నాళ్ళూ ఎందుకు చేర్చలేదని అడుగుతారు."

"ఈ ఆరు వారాల్లో ఎన్ని ట్యాంకులు కదిలాయో..."

ఆమె రేవు పట్టిక తీసి బల్ల మీద పెట్టింది. డైరెక్టరుగారు చెడ్డవారు కాదు. నీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపారు.

"జాబితా ముట్టుకోలేం మేడమ్. కావాలంటే వివరణ ఇవ్వచ్చు. ఎన్నైనా ఇవ్వచ్చు. వివరణలు ఎవరూ చదవరు."

ఆమె గ్లాసు కింద పెట్టేసి తన గదికి వచ్చి అరగంటలో వివరణ రాసింది. "గుండీలు అనగా గుండీలు, మరియు తత్సమాన గుండ్రటి వస్తువులు, ప్రత్యేకించి ఒకదానిలో మరొకటి ఇమిడి తిరుగునవి." డైరెక్టరుగారు యథాప్రకారం చదవకుండా సంతకం పెట్టారు.

కస్టమ్స్ వాళ్ళు మాత్రం చదివారు.

మొదటి రోజు బేరింగులు ఆగాయి. జాబితా మేడమ్ ఆ కబురు విని ఆరు వారాల తర్వాత మొదటిసారి కడుపునిండా తింది. రెండో రోజు సైకిలు చక్రాలు ఆగాయి. మూడో రోజు గిన్నెల మూతలు, పళ్ళేలు, గోడ గడియారాలు. నాలుగో రోజు రేవు నుంచి కస్టమ్స్ అధికారి స్వయంగా ఫోను చేశాడు.

"మేడమ్, బడిపిల్లల గ్లోబులు రెండు పెట్టెలు ఆపాం. సరైనదే కదా?"

"గ్లోబులెందుకండీ?"

"గుండ్రంగా ఉన్నాయి. ఇరుసులో ఇమిడి తిరుగుతున్నాయి. పైగా వాటి మీద ఆ దేశం కూడా ఉంది."

ఐదో రోజు గిన్నెల వ్యాపారులు ఆఫీసు ముందు మూతలు వాయిస్తూ కూర్చున్నారు. ఆ మోతలో ఫోనులో ఎవరు ఏం మాట్లాడుతున్నారో తెలియక టైపిస్టు రెండు ఉత్తరాలు తప్పు దేశాలకు పంపింది. మంత్రిగారి దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. కారులో డైరెక్టరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. జాబితా మేడమ్ రాజీనామాలో ఎన్ని వాక్యాలుండాలో ఆలోచించుకుంటూ కూర్చుంది.

"ఈ గుండ్రటి వస్తువుల ఆలోచన ఎవరిది?" అని అడిగారు మంత్రిగారు.

"మేడమ్‌ది" అన్నారు డైరెక్టరుగారు. ఇన్నేళ్ళలో ఆమె పనిని ఆయన ఆమెదని చెప్పడం అదే మొదటిసారి.

"అమోఘం! విదేశాల పత్రికలన్నీ దీని గురించే రాస్తున్నాయి. ఇంత లోతైన వ్యూహం ఎవరూ వేయలేదట."

ఆమె ఇక ఉండబట్టలేకపోయింది. "సార్, ఇది వ్యూహం కాదు. మొదట నేను ఒక నంబరు తప్పు కొట్టాను. ఆపాల్సింది బేరింగులు."

"బేరింగులంటే?"

"చక్రాల్లో ఉంటాయి సార్."

"గుండ్రంగా ఉంటాయా?"

"ఉంటాయి సార్."

"మరి ఇంకేం, ఆగినట్టేగా!"

గిన్నెల వ్యాపారుల కోసం మూతలకు మినహాయింపు ఇచ్చారు. తర్వాత పళ్ళేలకు, చక్రాలకు, గడియారాలకు, గ్లోబులకు. ఎవరు వచ్చి గట్టిగా అడిగితే వాళ్ళ సరుకుకు మినహాయింపు దొరికింది. బేరింగుల వ్యాపారులు మాత్రం నోరెత్తలేదు. ఇన్నాళ్ళూ ఎలా పంపారని ఎవరైనా తిరిగి అడుగుతారేమోనని వాళ్ళ భయం.

ఐదు నెలలు గడిచాయి. ట్యాంకులు నెమ్మదించాయి, తర్వాత ఆగాయి. రెండు దేశాలూ కాల్పుల విరమణకు ఒప్పుకుని, శాంతి చర్చలకు మన మేడమ్ ఉన్న ఊరినే ఎంచుకున్నాయి. ఫైళ్ళు మోసుకుని ఆమె కూడా వెళ్ళింది. విరామంలో వరండాలో నీళ్ళు పట్టుకుంటుంటే, పెద్ద దేశం తరఫున వచ్చిన రవాణా అధికారి పక్కన నిలబడ్డాడు. నిద్రలేక కళ్ళు గుంటలు పడిన మనిషి. ఆమె ఎవరో తెలిశాక చిన్నగా నవ్వాడు.

"గుండీలు ఆపింది మీరేనా? మా గోదాముల్లో ఏడేళ్ళకు సరిపడా గుండీలున్నాయమ్మా. ఏదో ద్వీపం నుంచి వచ్చిపడ్డాయి."

"మరి బేరింగులు?"

అతని నవ్వు పోయింది. "అవే దొరకలేదు. మొదటి ఆరు వారాలు బాగానే వచ్చాయి."

ఆమె తన గ్లాసు పక్కన పెట్టేసింది. "అవి మొదట్నుంచే ఆగి ఉంటే?"

అతను తన ఖాళీ గ్లాసుకేసి చూసుకున్నాడు.

"యుద్ధం ముందే ఆగేదేమో. లేకపోతే అవి కూడా ఏ ద్వీపం నుంచో తెచ్చుకునేవాళ్ళమేమో. మా దగ్గర డబ్బు, మనుషులు, ఓపిక, అన్నీ ఒకేసారి అయిపోయాయి. అందులో ఏది మమ్మల్ని ఆపిందో నన్నడిగితే నేను చెప్పలేను. నా కొడుకు కూడా అక్కడే ఉన్నాడు. ఆగింది, అంతే చాలు నాకు."

ఆమె అతని గ్లాసు తీసుకుని నీళ్ళు పట్టి ఇచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాటలన్నీ భర్తకు చెప్పింది. ప్రశ్న దొరికితే వదలని ఆ మనిషి ఆ రోజు ఏ ప్రశ్నా వేయకుండా ఆమె పక్కన కూర్చున్నారు.

ఆంక్షలు పనిచేశాయా లేదా అని తేల్చడానికి వేసిన సంఘం మూడు వందల పేజీల నివేదిక ఇచ్చింది. శాంతికి కారణం గుండీలేనని అందులో తేలింది. మంత్రిగారు దేశదేశాలూ తిరిగి గుండీల మీద ఉపన్యాసాలిస్తున్నారు. ద్వీపవాసులకు ఒక్కసారిగా గాలి తగ్గిపోవడంతో అన్నయ్య మళ్ళీ పళ్ళ బుట్ట పట్టుకుని వచ్చి, "ఇంకెవరి మీదైనా చిన్న ఆంక్ష పెట్టించవే" అని బతిమాలాడు. అతని బుట్టను ఆమె అలాగే తిరిగి అతని చేతిలో పెట్టింది.

జాబితా రద్దు ఉత్తర్వు తయారుచేసే పని కూడా ఆమెకే వచ్చింది. ఈసారి నోట్లో పళ్ళన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కో నంబరు మూడుసార్లు సరిచూసింది. చివర ఆగి డైరెక్టరుగారిని అడిగింది.

"సార్, జాబితా రద్దవుతోంది. మరి మనం విడిగా ఇచ్చిన వివరణ?"

"వివరణ వెనక్కి తీసుకుంటే అది ఇవ్వడం తప్పని ఒప్పుకున్నట్టు కదా మేడమ్."

"అందులో బేరింగులు ఇంకా ఆగే ఉన్నాయి సార్."

"బేరింగులు మనం ఎప్పుడు ఆపాం? జాబితాలో చూపించండి."

ఆమె జాబితా తిరగేసింది. లేవు. ఉత్తర్వు మీద డైరెక్టరుగారు చదవకుండా సంతకం పెట్టారు. ఆమె కొంచెం తృప్తిగానే దాన్ని రేవుకు పంపింది. ఇప్పుడు ఆ దేశానికి పద్నాలుగు రకాల సరుకులూ నిరాటంకంగా వెళుతున్నాయి. బేరింగుల మీద నిషేధం మాత్రం, ఎన్నడూ విధించలేదు కాబట్టి, ఎత్తివేయడానికి ఇంతవరకూ వీలు పడలేదు.