వెనక తలుపు తెరిచి ఉంది

ఆ పూట ఎవరినీ సాయం పిలవకుండా పని ముగించాలని సంతోషి గట్టిగా అనుకుంది. ఆమెకు చూపు లేదు. తెర మీది అక్షరాలను కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే ఇంటి నుంచే ఉద్యోగం చేస్తోంది. వైరస్‌లను పట్టే సాఫ్ట్‌వేర్ హెచ్చరిక పెట్టినప్పుడు మాత్రం ఆ గొంతు మూగనోము పట్టేది. అప్పుడు అత్త రుక్కమ్మ పరుగున వచ్చి, తెరకేసి చూసి, "ఎర్రగున్నది బిడ్డా" అనేది. ఆమెకు చదువు రాదు. ఇక శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బండి నడిపే సంతోషి మొగుడు జగదీశ్ పని ఆపి, వీడియో కాల్‌లో చదివి చెప్పాలి.

అత్తాపూర్‌లో ఓ చిన్న కంపెనీ ఆ హెచ్చరికలు తెలుగులో పలికే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. సంతోషి పరీక్షించి సరే అంటే అందరికీ పంపుతారు. ఆ కంపెనీ ఇంజనీరు ఫణి ఫోన్‌లో వింటున్నాడు. గదిలోకి రావద్దని అత్తను బతిమాలి, సంతోషి తలుపేసుకుని కంప్యూటర్ గొంతు పెంచింది.

వంటింట్లో పోపు వేస్తున్న రుక్కమ్మకు ఎవరో ఆడమనిషి ఖంగున చెప్పడం వినిపించింది. "హెచ్చరిక. వెనక తలుపు తెరిచి ఉంది. ఎవరో లోపలికి చొరబడుతున్నారు."

చూస్తే నిజంగానే వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. కంప్యూటర్‌లోకి దొంగదారిని ఇంగ్లీషులో 'బ్యాక్‌డోర్' అంటారని, ఫణి దాన్ని మక్కికి మక్కి తెలుగులోకి దించాడని ఆమెకేం తెలుసు? ఒక్క ఉదుటున గడియ పెట్టింది. పెరట్లో మొగుడు రాములు స్నానం చేస్తున్న సంగతి ఆ కంగారులో మరిచింది.

ఒంటి మీద తువ్వాలుతో, మొహం మీద సబ్బుతో రాములు తలుపు తట్టాడు. "నేనే, తియ్యి" అన్నాడు. రుక్కమ్మ తీసేదే. సరిగ్గా అప్పుడే గదిలోంచి ఆ గొంతు, ఏదో మోసపు మెయిల్ గురించి, "తెలిసినవారిలా వచ్చినా నమ్మకండి. తెరవకండి" అంది.

రుక్కమ్మ రెండో గడియ కూడా పెట్టి కేకలేసింది. పక్కింట్లో కొత్తగా కిరాయికి దిగిన సరిత, ప్రహరీ ఎక్కుతున్న తువ్వాలు మనిషిని చూసి గల్లీనంతా పోగుచేసింది. రాములు పుట్టి పెరిగిన గల్లీలోనే నలుగురు కిరాయిదార్లు ఆయన్ను రెక్కలు విరిచి పట్టుకుని రుక్కమ్మ ముందు నిలబెట్టారు. ఆమె కొంగుతో నురగ తుడిచి, "మా ఇంటాయననే" అంది నీరసంగా.

అంతవరకూ సంతోషి ఒక్కతే అన్ని హెచ్చరికలూ సరిగ్గా దాటింది. గొడవేమిటో తెలిశాక ఆ సంబరం కాస్తా చల్లారిపోయింది. ఫణి నొచ్చుకున్నాడు. "క్షమించండి సంతోషి గారూ, తప్పంతా మాదేనండి. ఈ తెలుగు గొంతు తీసేస్తాం. మళ్లీ ఎప్పుడైనా చూద్దామండి."

ఆ ఎప్పుడైనా ఎప్పటికీ రాదని ఆమెకు తెలుసు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రుక్కమ్మ కోడలి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తిట్ల కోసం గల్లీ అంతా చెవులు రిక్కించింది.

"సారూ, ఆ గొంతును తియ్యకుండ్రి. నా కోడలికి చూపు లేదు, నాకు సదువు లేదు. ఆ డబ్బా ఏం జెప్తున్నదో ఇన్ని దినాలు ఇద్దరికీ తెల్వలే. పిల్ల పిలిచినప్పుడల్లా ఎర్రగున్నదని తప్ప ఇంకేం జెప్పరాక నాకు సిగ్గయితుండె. ఇయ్యాల చెప్పంగనే సమజయింది, ఉరికిన. జర ఆ తలుపు మాట ఒక్కటి మార్చుండ్రి, సాలు."

సంతోషి అత్త చేతిని వెతికి పట్టుకుంది. ఇన్నాళ్లూ తన పిలుపులతో ఆమె విసిగిపోతోందనే అనుకుంది, లోలోపల సిగ్గుపడుతోందని ఎరగదు. ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

ఫణి ఆ మాటను ఏమని మార్చమంటారో రుక్కమ్మగారినే అడిగాడు. ఆమె చెప్పిన "కంప్యూటర్‌ల దొంగ సొచ్చిండు" అన్నదే ఖాయమై అందరికీ వెళ్లింది.

రాములు మాత్రం ఇప్పటికీ కోడలితో కంప్యూటర్ ఆపించాకే స్నానానికి వెళ్తున్నాడు.