పరగడుపు పెద్దల్లుడు

ఆ రోజు పొద్దున పెద్దల్లుడికి ఉన్న పని ఒక్కటే: పరగడుపున వెళ్ళి అన్నవాహిక ఎక్స్‌రే తీయించుకోవడం. కొన్నాళ్ళుగా ముద్ద గొంతు దిగడం కష్టంగా ఉంది. ఆసుపత్రి దగ్గరని ముందురోజే భార్యతో అత్తగారింట్లో దిగాడు. చిన్నల్లుడు అంతకంటే ముందే దిగి ఉన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏళ్ళ తరబడి అత్తగారి మిక్సీ, ఫ్యాను, కుళాయి బాగుచేస్తున్నది పెద్దల్లుడు. చిన్నల్లుడు ఒకే ఒక్కసారి బల్బు మార్చాడు. ఆ సంగతి వీధంతటికీ తెలుసు. "మా చిన్నబాబు చేతిలో ఏదో మహిమ ఉందమ్మా!" అని ఆవిడ అన్నప్పుడల్లా పెద్దల్లుడు లోలోపల కుళ్ళిపోయేవాడు.

వంటింట్లో పళ్ళెం నిండా ఉడికిన గుడ్లు. ఒలిచి, సగాలుగా కోసి, మిరియాల పొడి చల్లి ఉన్నాయి.

"ఎవరికత్తయ్యా?"

"చిన్నబాబుకి నాయనా. నీకెలాగూ పరీక్ష కదా!" అంటూ ఆవిడ పెరట్లోకి వెళ్ళింది.

తనకు ఏనాడైనా ఇలా ఒలిచి పెట్టిందా? పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. ఒక సగం నోట్లో కుక్కుకున్నాడు. అడుగుల చప్పుడు వినగానే నమలకుండానే మింగేశాడు.

ఆసుపత్రిలో తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. డాక్టరు కనుబొమలు ముడిచాడు.

"మధ్యలో ఏదో అడ్డంగా ఉంది. పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా? తింటే పరీక్ష తప్పు చూపిస్తుంది."

పక్కనే అత్తగారు. "పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ!"

"అయితే గడ్డేమో. సాయంత్రం గొట్టం వేసి చూద్దాం."

అత్తగారు బావురుమంది. "బంగారంలాంటి అల్లుడు! నా మిక్సీకి ప్రాణం పోసింది ఈ చేతులే!"

నిజం చెప్పేద్దామని తెరిచిన నోటిని పెద్దల్లుడు ఆ మాటతో మూసేసుకున్నాడు. ఆసుపత్రి గదిలో పడుకోబెట్టగానే, వెంట వచ్చిన భార్య విసనకర్ర అందుకుంది. చిన్నల్లుడు మంచం మీద కూర్చుని కాళ్ళు పట్టాడు.

"ఇంకాస్త పైన, తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు నీరసంగా.

సాయంత్రం గొట్టం దిగింది. డాక్టరు ఆ గడ్డను ట్రేలో పెట్టి తెచ్చి అందరికీ చూపించాడు. తెల్లసొన ముక్క. మిరియాల పొడి కూడా పూర్తిగా చెదరలేదు.

"వాపు వల్ల దారి కాస్త ఇరుకైంది, అంతే. మందులతో తగ్గుతుంది. అప్పటిదాకా అన్నీ మెత్తగా రుబ్బి పెట్టండి" అన్నాడు.

"ఒక ముక్క తగ్గిందేమిటా అనుకున్నాను!" అంది అత్తగారు, అల్లుణ్ణి ఎగాదిగా చూస్తూ.

"పోనీలెండి అత్తయ్యా, గడ్డ కాదు, అదే చాలు" అన్నాడు చిన్నల్లుడు గోడ పట్టుకుని.

"అలా తూలుతున్నావేం బాబూ?"

"అన్నయ్య పస్తుంటే నాకు ముద్దెలా దిగుతుంది? పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

అత్తగారు మళ్ళీ బావురుమంది, ఈసారి చిన్నబాబు కోసం. ఇంటికి వెళ్ళగానే పళ్ళెం నిండా గుడ్లు ఒలిచి, పక్కన కూర్చుని మరీ తినిపించింది. పెద్దల్లుడు మిక్సీలో రుబ్బిచ్చిన జావ తాగుతూ ఒక్కో గుడ్డూ లోపలికి వెళ్ళడం చూశాడు.

మిక్సీ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.