ముందస్తు క్షమాపణ

పరాయి దేశంలో తన్నులు తినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తప్పించుకోవడం నేర్చుకోవడానికి మాత్రం ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ సూత్రం ఏ రాజ్యాంగంలోనూ రాసి ఉండకపోవచ్చు. మా వదిన స్వానుభవంతో కనిపెట్టింది కాబట్టి, రాసినదానికన్నా గట్టిది.

వదిన ఈ ఊరి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పొద్దస్తమానం జనాన్ని ఊపిరి బిగబట్టమని, కదలొద్దని గదమాయించే ఉద్యోగం. (ఇంట్లో అన్నయ్యకూ నాకూ అవే ఆదేశాలు.) అలాంటి మనిషిని ఒక సాయంత్రం బస్టాపులో ఒక ఆజానుబాహువు భుజంతో పక్కకు నెట్టి, కాలు తొక్కి, ఆమె స్థానంలో తాను నిలబడ్డాడు. వదిన నోరు తెరిచింది. ఏ భాషలో అరవాలో తేల్చుకునేలోపు బస్సు రావడం, అతను ఎక్కడం, తలుపులు మూసుకోవడం అయిపోయాయి.

"నొప్పి సంగతి కాదయ్యా. మాట రాలేదు చూడు, అదీ నా బాధ. ఇంత నోరు పెట్టుకుని!" అంది నాతో, వాచిన వేలు చూసుకుంటూ.

"ఇంట్లో బాగానే వస్తుందిగా," అన్నాడు అన్నయ్య. ఆ పూట వంట అన్నయ్యే చేశాడు.

భోజనాల దగ్గర వదిన తన నిర్ణయం ప్రకటించింది. "కరాటే నేర్చుకుంటాను. అందులో చెయ్యెత్తే ముందు అరవడం నేర్పుతారట."

ప్రభుత్వం వారి యాప్‌లో వెతికాం. ఎవరని అడిగితే విదేశీయురాలని నొక్కాం. 'మీకు అనువైనవి: అల్లికలు, పూలకుండీల పెంపకం, నిశ్శబ్ద ధ్యానం' అని చెప్పింది. యాప్‌ని నమ్మక, మా వీధి చివర లాండ్రీ పైనున్న కరాటే బడికి మెట్లెక్కి వెళ్లాం. మాస్టారు చెవులు నలిగిపోయిన మంచి మనిషి. రేపే రమ్మన్నాడు. గుర్తింపు కార్డు చూశాక చాప మీదే కూలబడ్డాడు.

"విదేశీయులా! అయితే పై ఆఫీసు అనుమతి కావాలమ్మా. నాకేం అభ్యంతరం లేదు. అసలు అభ్యంతరం చెప్పే అధికారమే నాకు లేదు."

పై ఆఫీసు పేరు నిరాయుధ విద్యల సమన్వయ కార్యాలయం. కుర్చీలను నేలకు బిగించేశారు. (ఆయుధాలుగా వాడకుండా కాబోలు.) కళ్లజోడుకు గొలుసు కట్టుకున్న అధికారిణి వదినను ఎగాదిగా చూసింది.

"నేర్చుకున్నాక ఎవరినైనా కొడతారా?"

"అవసరం పడితే."

"స్థానికులనా, విదేశీయులనా? విదేశీయులు విదేశీయులను కొట్టడం కింది అంతస్తు."

"ఎవరు నెడితే వాళ్లనండీ."

"అది ముందుగా తెలియజేయలేరా?" అని నిట్టూర్చింది అధికారిణి. "సరే, స్థానికులని రాసుకుంటున్నాను. అయితే మీరు ముందు క్షమాపణ కోర్సు పూర్తిచేయాలి."

"ఇంకా ఎవర్నీ కొట్టందే క్షమాపణా?"

"కొట్టాక కంగారులో ఉంటారు. వ్యాకరణం తప్పుతుంది."

కోర్సులో మూడు స్థాయిలున్నాయి. కొట్టినందుకు క్షమాపణ ప్రాథమికం. కొడదామనుకున్నందుకు మాధ్యమికం. దెబ్బ తిన్నందుకు చెప్పేది ఉన్నతం. అంటే, మన శరీరం ఎదుటివారి చేతికి అడ్డొచ్చినందుకన్నమాట. వదినతో పాటు ఇద్దరు నర్సులు, ఇటుకలు పేర్చే ఒక మేస్త్రీ చేరారు. మేస్త్రీకి కుస్తీ నేర్చుకోవాలని కోరిక. మాధ్యమికంలోనే ఉండిపోయాడు. కొడదామనుకోవడం ఆపలేకపోతున్నాడట.

ఇంట్లో సాధన మొదలైంది. అన్నయ్య దెబ్బ తిన్న స్థానికుడిగా సోఫాలో పడుకునేవాడు.

"అయ్యా, తమరి దవడ నా పిడికిలికి తగిలినందుకు..."

"తప్పు," అనేవాడు అన్నయ్య పుస్తకం చూసి. "నా పిడికిలి తమరి దవడకు. కర్త ఎవరో మరిచిపోకు."

వదిన ఏ పనైనా మనసు పెట్టి చేస్తుంది. అదే కొంప ముంచింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయబోతూ తల వంచి క్షమించమనేసరికి, రోగులు గాభరాపడి ఇళ్లకు ఫోన్లు చేసుకున్నారు. గుమ్మం తగిలితే గుమ్మానికి చెప్పింది. ఒక రోజు అన్నయ్య పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

"ఫర్వాలేదండీ. నా నాలుకదే పొరపాటు," అంది వదిన.

అన్నయ్య ముఖం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లాడు. "ఇది మన మనిషి కాదురా," అన్నాడు. తిరిగి వెళ్లి వదిన పక్కన కూర్చున్నాడు. "మానేద్దామే ఈ కరాటే. నువ్వు అరవకపోతే నాకు తోచడం లేదు."

"ఇంకా మొదలే పెట్టలేదు కదండీ," అంది, ఎప్పుడూ లేనంత మెల్లగా.

ఉన్నత స్థాయి పరీక్షకు నేనూ వెళ్లాను. కొయ్య నేల హాలు, గోడ పొడవునా అద్దాలు. పరీక్షాధికారి ఒక్కొక్కరినీ భుజంతో నెట్టి, కాలు తొక్కుతాడు. అభ్యర్థి నవ్వు ముఖంతో వంగి క్షమాపణ చెప్పాలి. నర్సులిద్దరూ చక్కగా చెప్పారు. వదిన వంతు వచ్చింది. నెట్టాడు. ఆవిడ తూలింది. తొక్కాడు.

వదిన వంగింది. వంగినదల్లా సగంలో ఆగిపోయింది. ఆగి, నిటారుగా లేచింది.

"ఏరా, కళ్లు నెత్తికెక్కాయా? మనిషిననుకున్నావా, కాళ్లు తుడుచుకునే పట్టా అనుకున్నావా? ముందు వెనక్కి జరుగు!"

శుద్ధమైన తెలుగు. అద్దాలు గలగలమన్నాయి. పరీక్షాధికారి వెనక్కి నడుస్తూ వెళ్లి కుర్చీ తగిలి అందులో కూర్చున్నాడు. నర్సులు ఒకరినొకరు పట్టుకున్నారు. వదిన మాత్రం ఎన్నాళ్లకో ముక్కు దిబ్బడ విడిచిన మనిషిలా హాయిగా గాలి పీల్చింది.

పరీక్షాధికారి జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

"మాతృభాషలో చెప్పారు," అన్నాడు గద్గదంగా. "ఇంత గుండె లోతుల్లోంచి వచ్చిన క్షమాపణ నా సర్వీసులో వినలేదు. భావం ఏమిటో చెప్పగలరా?"

అందరూ నా వైపు తిరిగారు. నేను అనువదించాను. (అనువాదంలో మూలంలోని సొగసు కొంత పోయింది.)

వదినకు పూర్తి మార్కులు వేశారు. ఆ రాత్రి ఇంట్లో అన్నయ్యను గుక్క తిప్పుకోకుండా తిట్టింది. అన్నయ్య ఆనందంతో రెండోసారి అన్నం వడ్డించుకున్నాడు.

వారం తిరక్కుండా యాప్‌లో కార్యాలయం నిర్ణయం వచ్చింది. వదిన పైకి చదివింది: "ఇంత గొప్పగా క్షమాపణ చెప్పగలిగిన విదేశీయురాలికి ఆత్మరక్షణ అవసరం కలగదని కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడినందున, కరాటే దరఖాస్తును తిరస్కరించడమైనది."

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు అన్నయ్య.

వదిన కోటు గుండీలు పెట్టుకుంటోంది.

"ఏముంది? వెళ్లి కమిటీలో అందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పొస్తాను."