హీరో గారి మోకాలు

సినిమాల్లో నిచ్చెనల మీంచి పడ్డాడు, పియానోల కింద పడ్డాడు, పరుగెత్తే కారులోంచి గుర్రాల నీళ్లతొట్టిలో పడ్డాడు. ఇన్ని పడ్డా బార్నీ టాలివర్‌కి ఏనాడూ చిటికెన వేలు కూడా బెణకలేదు. అలాంటి మనిషి ఆ మంగళవారం పొద్దున్న గుమ్మంలో ఉన్న పేపరు తీసుకుందామని వంగాడు. ఎడమ మోకాలు టక్కుమంది. సగం వంగిన కాలు అలాగే బిగుసుకుపోయింది. ఎంత లాగినా సాగదు, ఎంత నొక్కినా ముడుచుకోదు.

"హెస్టర్!" అని కేక పెట్టాడు. భార్య హెస్టర్ గుడ్లు వేయిస్తున్న పెనం వదిలేసి వచ్చింది.

"పొద్దున్నే ఏంటా వేషం? నన్ను నవ్విస్తే జీతం ఎవరిస్తారు? లే లే."

"వేషం కాదే తల్లీ! మోకాలు పట్టేసింది. నిజంగా!"

హెస్టర్ మొహం పాలిపోయింది. ఆ రోజు ఎలాంటి రోజో ఇద్దరికీ తెలుసు. ఇంతకాలం ఊళ్లో ప్రతి హీరో చేతా మొహాన క్రీము కేకులు కొట్టించుకున్న బార్నీకి మొట్టమొదటిసారి తనే హీరో అయ్యే అవకాశం వచ్చింది. పాటల సినిమా. అందులో హోటల్ సర్వరుగా, చేతిలో కేకుల పళ్లెంతో, పాడుతూ పెద్ద మెట్లు దిగాలి. బీమా కంపెనీ డాక్టరు వచ్చి, ఆ మెట్లు దిగడం కళ్లారా చూసి సంతకం పెడితేనే వేషం ఖాయం. లేదంటే మధ్యాహ్నానికల్లా అది డికీ ఫారో అనే పడుచువాడికి వెళ్లిపోతుంది. అతను అప్పుడే బట్టల కొలతలు కూడా ఇచ్చేశాడని వినికిడి.

"డాక్టరు రాకముందే స్టూడియోకి వెళ్లి కుర్చీలో కూలబడతాను," అన్నాడు బార్నీ. "కాలు సర్దుకునేదాకా లేవను. నడవమంటే పాడతాను."

"మెట్లు దిగమంటే?"

"అప్పుడు నువ్వు స్పృహతప్పి పడిపో. మిగతాది నేను చూసుకుంటా."

ఇద్దరూ కారు దిగేసరికి బీమా డాక్టర్ ప్రూయిట్ స్టూడియో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెప్పిన వేళకన్నా ముందే ఊడిపడే రకం ఆయన. బార్నీ ఎడమ కాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేశాడో లేదో, ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"కాలికేమైందండీ?"

హెస్టర్ వెనక నుంచి బార్నీని గట్టిగా గిల్లింది.

"కాలికేమవుతుందండీ? ఇది... ఇది పాత్ర నడక. సర్వరు అలా నడుస్తాడు."

అంతటితో పోయేదే. కానీ సరిగ్గా అప్పుడే స్టూడియో యజమాని లోమాక్స్ బయటికొచ్చి, ఆ నడక చూసి పగలబడి నవ్వాడు. ఆయన నవ్వితే అక్కడ నవ్వని వాళ్లకి ఉద్యోగాలుండవు. కాపలావాడితో సహా అందరూ నవ్వారు.

"ఏదీ, మళ్లీ నడువు! ఏమయ్యా వెన్నర్, ఈ నడక ఎవరి బుర్రలో పుట్టింది?"

దర్శకుడు వెన్నర్ ఆ నడక చూడటం అదే మొదలు. "నా బుర్రలోనేనండీ. నెల్లాళ్లుగా సాధన చేయిస్తున్నాను," అన్నాడు తడుముకోకుండా.

"మరి వెనక దిగే సర్వర్లు మామూలుగా నడుస్తారేం? అందరూ ఇలాగే నడవాలి. ఇప్పుడే నేర్పించు!"

యజమాని మాట తీసేసే మొనగాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. సర్వర్ల వేషాల్లో ఉన్న నాట్యబృందమంతా బార్నీ చుట్టూ చేరింది. పాపం, ఒక్కొక్కరి కోసం మళ్లీ మళ్లీ నడిచి చూపించాడు. నడిచినప్పుడల్లా కళ్లముందు చుక్కలు కనిపించాయి.

"గురువుగారూ, మడమ ముందు మోపాలా, మునివేళ్లు ముందా?" అని అడిగాడు ఒకడు.

"ఎక్కడ ఎక్కువ నొప్పెడితే అది."

అందరూ విరగబడి నవ్వారు. మూల కూర్చున్న హెస్టర్‌కి మాత్రం ఏడుపొచ్చింది. డాక్టరు కూడా నవ్వలేదు. "మెట్లు," అన్నాడు, అంతే.

బార్నీ మెట్ల పక్క కమ్మీ పట్టుకుని పైకి పాకి, పళ్లెం ఎత్తుకుని కిందికి చూశాడు. ఆ మెట్లు అంత నిటారుగా ఎవరు కట్టారో గానీ వాడి చేతులు విరగ! పాట ముందే రికార్డయిపోయింది. కాళ్లూ చేతులూ సరిగ్గా ఉన్న రోజున, బతుకెంత హాయి అంటూ గొంతెత్తి పాడిన పాట అది. ఇప్పుడు కింద రికార్డు తిరుగుతుంది, బార్నీ పెదవులు కదపాలి. ఎవరి మోకాలి కోసమూ అది ఆగదు.

మొదటి మెట్టు దిగాడు. ప్రాణం పోయి వచ్చింది. రికార్డు "హాయి, హాయి" అంటుంటే బార్నీ నోరారా "చచ్చాన్రా దేవుడా!" అని అరిచాడు. వాద్యాల హోరులో ఎవరికీ వినబడలేదు. సగం మెట్ల దాకా అలాగే నెట్టుకొచ్చాడు. ఇక గట్టెక్కినట్టే అనుకుంటుండగా, వెనక కుంటుతున్న సర్వర్లలో ఒకడి కాలు ఇంకొకడి కాలికి తగిలింది. వాడు ముందువాడి మీద, ముందువాడు బార్నీ మీద. అంతా కలిసి దబదబా కిందికి దొర్లారు. కేకులు గాల్లోకి లేచాయి. అందులో పెద్దది వెళ్లి డాక్టరు గారి మొహాన అతుక్కుంది.

పాట ఆగిపోయింది. డాక్టరు కళ్లజోడు తీసి, క్రీము తుడిచి, వేలు నాకి చూసుకున్నాడు. మొదటిసారి నవ్వాడు.

"ఇంత పడీ లేవగలిగితే ఆయనకి ఢోకా లేదు," అంటూ జేబులోంచి పెన్ను తీశాడు.

బార్నీ లేచాడు. ఎడమ మోకాలు మళ్లీ టక్కుమంది. నొప్పి మాయమైంది! కాలు చాచాడు, ముడిచాడు. ఆనందం పట్టలేక డాక్టరుతో చెయ్యి కలపడానికి చకచకా, నిటారుగా నడిచొచ్చాడు. పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

"అదేంటి? నడకేదీ?" అన్నాడు డాక్టరు.

"అవునయ్యా, నా నడకేదీ?" అని గర్జించాడు లోమాక్స్.

బార్నీ కాలు ఈడ్చి చూశాడు. అచ్చం దొంగ ఏడుపులా ఉంది. పక్కకి లాగాడు, వంకరగా విసిరాడు. ఎవరూ నవ్వలేదు. ఇక లాభం లేదని, దాచింది చెప్పేశాడు.

"పొద్దున్న మోకాలు పట్టేసిందండీ. ఇప్పుడు బాగైపోయింది! ఒట్టు!"

"దెబ్బ తగిలిన వాళ్లందరూ చెప్పే మాటే ఇది," అన్నాడు డాక్టరు జాలిగా. "పొద్దున్న ఎంత చక్కగా కుంటాడో నేను కళ్లారా చూశాను. ఇప్పుడు రెండడుగులు కుంటలేకపోతున్నాడు. లోపల ఏదో తెగింది."

"ఆయన నిక్షేపంలా ఉన్నాడండీ!" అని హెస్టర్ మొత్తుకుంది.

"ధైర్యంగా ఉండమ్మా," అని ఆమె భుజం తట్టి, రెండు నెలలు మంచం దిగకూడదని రాసిచ్చాడు డాక్టరు. వెన్నర్ అప్పటికే డికీ ఫారోకి ఫోన్ చేస్తున్నాడు.

వద్దు మొర్రో అంటున్నా వినకుండా బార్నీని బల్ల మీద పడుకోబెట్టి బయటికి మోసుకెళ్లారు. మోస్తున్న సర్వర్లు నలుగురూ, యజమాని చూస్తున్నాడు కదా అని, ఎడమ కాలు ఈడుస్తూనే నడిచారు.